వెళ్ళి వస్తాను

విదేశంలో చదువుకొని వచ్చినవారిని మనవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడో నాలుగో ఉంటాయి. అక్కడ చలి ఎట్లా ఉంటుంది, తిండికి ఏమి చేశావు, వేతనం ఎంత ఇచ్చేవారు - ఇంతవరకే. ఎవరి ఇంట్లో ఉన్నావు, ఆ ఇంటివారు నిన్ను ఎట్లా చూసేవారు, రాత్రి ఆలస్యమైతే నీకోసం ఎవరైనా కనిపెట్టుకొని ఉండేవారా అని అడిగినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. జపానులో నేను గడిపిన కాలమంతటిలో చెప్పదగినది ఏదైనా ఉన్నదంటే నా మటుకు అదే. విద్యాలయంలో నేర్చుకొన్నది పుస్తకాలలో ఉన్నది, కావలసినవారు చదువుకోవచ్చును. ఆ ఇంట్లో నేర్చుకొన్నదాన్ని ఈ పూట శ్రోతలకు మనవి చేస్తాను.

నేను 1987వ సంవత్సరం అక్టోబరు మాసంలో జపాను ప్రభుత్వంవారి విద్యార్థి వేతనం మీద క్యోటో నగరానికి వెళ్ళాను. భూకంపాలకు తట్టుకొని నిలిచే కట్టడాలను గురించి చదవటం నా పని. క్యోటో 794లో రాజధానిగా వెలసి, వెయ్యేండ్లకు పైగా చక్రవర్తులకు నివాసమైన ఊరు. మూడు వైపుల కొండలు, నడుమ కామో నది. వసతి గృహంలో చోటు దొరికేవరకు ఒక కుటుంబంతో ఉండమని నన్ను పంపారు. ఆరు నెలలకని వెళ్ళినవాణ్ణి రెండేండ్లు అక్కడే ఉండిపోయాను.

ఆ ఇల్లు నిషిజిన్ అనే పేటలో ఉన్నది. ఆ మాటకు పడమటి దండు విడిది అని అర్థం. 1467లో మొదలై పదేండ్లు సాగిన అంతర్యుద్ధంలో ఒక పక్షపు సేన అక్కడ దిగిందట. దండు పోయింది, పేరు మిగిలింది, పట్టునేత వచ్చింది. మనకు ధర్మవరం ఎట్లాగో జపానుకు నిషిజిన్ అట్లాగు. మా ఇంటి యజమాని కూడా నేతపనివాడే. స్త్రీలు కిమోనో మీద నడుముకు చుట్టుకొనే వెడల్పాటి జరీ పట్టీలు నేసేవాడు. ఇంటి ముఖం సన్నం, లోపలికి పొడవు. వీధి గదిలో కూర్చుంటే వెనుక గదిలో మగ్గం చప్పుడు ఎక్కడో పొరుగూరిలో వలె వినిపించేది. యజమాని, ఆయన భార్య, పదేండ్ల కూతురు, డెబ్బయి దాటిన ఆయన తల్లి - ఇదీ కుటుంబం. ఆ వృద్ధురాలిని అందరూ మామ్మ అని అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. నేనూ అట్లాగే పిలిచాను. ఇప్పుడూ మామ్మ అనే చెబుతాను.

మొదటి రాత్రే నేనొక ఘనకార్యం చేశాను. జపానువారి ఇండ్లలో స్నానాల గదిలో లోతైన తొట్టి ఒకటి ఉంటుంది. దాని నిండా కాగిన నీరు. ఒళ్ళు రుద్దుకొని కడుగుకోవటమంతా తొట్టి వెలుపలే జరగాలి; శుభ్రమైన తరువాత ఆ నీటిలో మెడవరకు మునిగి కాసేపు కూర్చోవాలి. ఆ ఒక్క తొట్టెడు నీటిలోనే ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు దిగుతారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. అతిథిని కనుక మొట్టమొదట నన్నే పంపారు. నేను స్నానం ముగించి, నేను వాడిన నీటిని ఇతరులకు విడిచిపెట్టటం అమర్యాద అని భావించి, తొట్టి అడుగున ఉన్న బిరడా తీసివేశాను. నీరంతా గడగడమని పోయింది. బయటికి వచ్చి వినయంగా నమస్కారం చేశాను. వారూ చేశారు. ఎవరి ముఖంలోనూ ఏ మార్పూ లేదు. తొట్టి మళ్ళీ నింపి, నీరు మళ్ళీ కాచి, చివరివారి స్నానం ముగిసేసరికి అర్ధరాత్రి అయిందని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు. మరునాటి సాయంత్రం స్నానాల గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉన్నది. దాని మీద చిన్నపిల్ల చేతితో గీసిన బిరడా బొమ్మ, ఆ బొమ్మకు అడ్డంగా రెండు ఎర్రని గీతలు.

ఆ నెలంతా నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మొదటి స్నానం నాకే, మంచి పీట నాకే. నేను ఏమి చేసినా చిరునవ్వే. దానిని ఆదరమనుకొని మా నాన్నగారికి ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాశాను. ఆదరమే, కాదనను. కాని అతిథికి జరిగే మర్యాద గడపకు ఇవతలి మర్యాద. అది దాటి లోపలికి పోవటానికి వేరే దారి ఉన్నది.

తిండి విషయం చెప్పకుండా దాటవేయరాదు గదా. నేను మాంసమూ చేపా ముట్టనివాణ్ణి. ఆ మాట ముందుగానే తెలియజేశారు. ఆ ఇల్లాలు నాకు అన్నం, ఊరవేసిన కూరగాయలు, సోయాపాలతో చేసిన మెత్తని తోఫూ, మిసో అనే పులిసిన సోయాముద్దతో కాచిన చారు పెట్టేది. చారు చాలా బాగుండేది. ప్రతి ఉదయం వంటింట్లో మామ్మ ఒక చెక్కపెట్టె ముందు కూర్చుని, కొయ్యముక్కవంటి దానిని దేనినో చిత్రిక పడుతూ ఉండేది. వడ్రంగి చిత్రిక పట్టినట్లే చప్పుడు, అట్లాగే పలుచని రజను రాలేది. పొయ్యి రాజేయటానికి కాబోలునని నేను అనుకొన్నాను. నెల దాటిన తరువాత ఒకనాడు ఆ చిన్నపిల్ల నవ్వుతూ చెప్పింది: అది కొయ్య కాదు, ఎండబెట్టి పొగబెట్టి రాయివలె గట్టిపరచిన చేప, చారులో రుచి అంతా దానిదే.

ఏమి చేయాలి? తెలిసి చేసిన పాపం కాదు. చేప ముక్క గిన్నెలో కనబడనంతవరకు అది చేప క్రిందికి రాదని వారి భావన. చెబితే ఆ తల్లి మనసు కష్టపెట్టుకొంటుంది. చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. రెండు రోజులు కడుపులో బాగాలేదని అన్నమూ ఊరగాయా మాత్రం తిన్నాను. మూడవనాడు ఆమె వైద్యుణ్ణి పిలుస్తానన్నది. ఇక తప్పక, వచ్చీరాని భాషలో అసలు సంగతి చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. నేలకు తల ఆనించి క్షమించమన్నది. అంతవరకు మాట్లాడకుండా ఉన్న మామ్మ అప్పుడు కలుగజేసుకొన్నది. మఠాలలో భిక్షువులు చేప లేకుండానే చారు కాస్తారు గదా, పెద్దల తిథులనాడు మనమూ అట్లాగే కాస్తాం గదా, సముద్రపు నాచూ ఎండిన పుట్టగొడుగులూ నానవేస్తే సరిపోతుంది, ఇందులో ఏడవటానికి ఏమున్నది అన్నది. మరునాటినుండి నాకు వేరే గిన్నెలో నాచు చారు వచ్చింది. అది నా ముందు పెడుతూ మామ్మ ఒక మాట అని పకపకా నవ్వింది. ఆ మాటను తెలుగులో చెప్పాలంటే ‘ఈ అబ్బాయికి రోజూ తద్దినమే’ అని చెప్పాలి. బాపట్ల దగ్గర మా ఊళ్ళో మా సొంత మామ్మ అన్నా ఇంతకంటె బాగా అని ఉండదు.

చేప చిత్రిక మానలేదు సుమా. వారి గిన్నె వారిది, నా గిన్నె నాది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. జపాను భాషలో వాక్య నిర్మాణం మనదాని పోలికలోనే ఉంటుంది. క్రియ వాక్యం చివరికి వస్తుంది; మన విభక్తి ప్రత్యయాలవంటివి నామానికి వెనుక చేరుతాయి. ఇంగ్లీషు ద్వారా నేర్చుకోబోయి నెల రోజులు తంటాలుపడ్డాను. తెలుగు ద్వారా నేర్చుకోవటం మొదలుపెట్టిన తరువాత దారి కొంత సుగమమయింది. ఆ ఇంట్లో ఎవరు గడప దాటినా ‘ఇత్తె కిమాసు’ అంటారు. ‘ఇత్తె’ అంటే వెళ్ళి, ‘కిమాసు’ అంటే వస్తాను. వెళ్ళి వస్తాను! ఇంట్లో ఉన్నవారు దానికి జవాబుగా వెళ్ళి రమ్మని చెప్పాలి. తిరిగి వచ్చినవారు గడపలో నిలిచి ‘తదైమా’, అంటే ఇదిగో ఇప్పుడే వచ్చాను, అనాలి. లోపలివారు ‘ఒకాయెరి’, వచ్చావా అని బదులు చెప్పాలి. కూరగాయల అంగడికి పోయి వచ్చినా ఈ నాలుగు మాటలూ తప్పవు.

ఈ మాట అర్థమైననాడు నేను ఒక్క నిమిషం నివ్వెరపోయాను. కారణమేమంటే, బాపట్ల స్టేషనులో బండి కదిలేటప్పుడు నేను తొందరలో ‘ఇక వెళ్తాను నాన్నా’ అన్నాను. మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవారు. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేరు. బండి వెంట నాలుగడుగులు వేస్తూ, ‘వెళ్తాననకూడదురా, వెళ్ళి వస్తాననాలి’ అన్నారు. అట్లాగే అన్నాను. ఆయన నాతో అన్న చివరిమాట అదే అవుతుందని అప్పుడు తెలియదు.

మామ్మ మాత్రం అందరివలె అనేది కాదు. క్యోటోలో పాతకాలపువారు బయటికి పోయేవారిని సాగనంపుతూ ‘ఒహాయో ఒకాయెరి’ అంటారు. పెందలాడే ఇంటికి రా అని దాని భావం. నేను సైకిలు తీసికొని ఇమదెగావా వీధి వెంట, పాత రాజప్రాసాదం పక్కగా, కామో వంతెన దాటి విద్యాలయానికి పోయేవాణ్ణి. ఆ వంతెన మీదికి రాగానే తూర్పు కొండ పక్క మీద చెట్లు కొట్టివేసిన మేర ‘దై’ అనే పెద్ద అక్షరం ఆకారంలో కనిపించేది. దై అంటే గొప్ప అని అర్థం. ఎవరో కొండకు వాత పెట్టినట్లుండేది. దాని కథ నేను అడగనూ లేదు, నాకెవరూ చెప్పనూ లేదు.

డిసెంబరులో ఒకనాడు ప్రయోగశాలలో పని తెమలక రాత్రి పదకొండు దాటింది. టెలిఫోను చేయాలన్న ఊహే నాకు తట్టలేదు. వసతి గృహపు అలవాటు మనది. ఎప్పుడు వచ్చినా అడిగేవారుండరు. ఇంటికి వచ్చేసరికి మామ్మ ఆ చలిలో గడప మెట్టు మీద శాలువా కప్పుకొని కూర్చున్నది. నేను ‘తదైమా’ అన్నాను. ఆమె ‘ఒకాయెరి’ అనలేదు. లేచి నిలబడి, క్యోటో మాండలికంలో, నాకు సగం కూడా అర్థం కాని వేగంతో తిట్టటం మొదలుపెట్టింది. లోపల కోడలు అన్నం తినకుండా కూర్చున్నదని, నది ఒడ్డున దారి మంచు పట్టి జారుతుందని, కన్నవారు మా చేతుల్లో పెట్టిన పిల్లవాడవని - అర్థమైనంతవరకు ఇదీ సారాంశం. రెండు నెలలుగా ఆ ఇంట్లో నేను వినని కంఠస్వరం అది. ఆ రాత్రి నాకు మొదటి స్నానం లేదు. చిట్టచివర, అందరూ దిగి చల్లారిన నీటిలో దిగాను.

తరువాత యజమాని నన్ను మగ్గం గదిలోకి పిలిచాడు. మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు దండగా వేలాడుతున్నవి. మన నేతగాండ్లు జకార్డు అనేది ఆ యంత్రాన్నే. ఆయన దానిని చూపించి కథ చెప్పాడు. 1868లో రాజధాని మర్యాద టోక్యోకు తరలటం మొదలైన తరువాత నిషిజిన్ మగ్గాలకు పని తగ్గిపోయింది. అప్పుడు కొత్త విద్య నేర్చుకొని రావటానికి 1872లో ఈ పేటనుండి ముగ్గురిని ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరానికి పంపారు. ఇద్దరు జకార్డు యంత్రంతో తిరిగి వచ్చారు. మూడవవాడు ఇంకా నేర్చుకోవలసింది ఉన్నదని ఆగి, 1874లో బయలుదేరాడు. ఆ ఓడ సముద్రాలన్నీ దాటి వచ్చి జపాను తీరం దగ్గరే మునిగిపోయింది. ‘ఇక్కడి పాతవాళ్ళకు ఆలస్యమంటే భయం’ అని ఆయన మగ్గం మీద గుడ్డ కప్పాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

మరునాడు ఉదయం మామ్మ నా చేతికి చీపురు ఇచ్చింది. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లటం ఇకనుండి నా పని. ఇందులోనూ క్యోటోవారికి ఒక లెక్క ఉన్నది. మన వాకిలితోపాటు పొరుగింటి వాకిలి ఒక అడుగు మేర ఊడవాలి. అసలు ఊడవకపోతే పుల్లవిరుపు; అంతా ఊడిస్తే వారిని సోమరులన్నట్లు. ఆ ఒక్క అడుగు కొలత నాకు కుదరటానికి పది రోజులు పట్టింది. స్నానంలోనూ నాకు ఒక వరుస ఏర్పడింది: యజమాని తరువాత, పిల్లకు ముందు. ఆ చలికాలమంతా కొతాత్సు క్రింద, అంటే నిప్పు అమర్చి బొంత కప్పిన పొట్టి బల్ల క్రింద, అందరి కాళ్ళతోపాటు నా కాళ్ళు కూడా. కాలు తగిలితే ఎవరూ క్షమించమనేవారు కారు.

1988 ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండు గంటలకు టెలిఫోను మ్రోగింది. మా అన్నయ్య. నాన్నగారు సాయంకాలం పోయారు. తెల్లవారితే దహనం. నేను బయలుదేరినా అందేది లేదు. రావద్దు, చదువు చూసుకో అన్నాడు. టెలిఫోను పెట్టివేసి చూచేసరికి ఇంటిల్లిపాదీ నా వెనుక నిలబడి ఉన్నారు. చెప్పాను. యజమాని చాలాసేపటికి, ‘మీ ఆచారంలో ఇప్పుడేమి చేయాలి?’ అని అడిగాడు. స్నానం చేయాలన్నాను. ఆయన మారుమాట లేకుండా వెళ్ళి, నీరు పట్టి పొయ్యి వెలిగించాడు. వద్దు, చన్నీళ్ళే చాలునన్నా వినలేదు. ఆ రాత్రి మళ్ళీ మొదటి స్నానం నాదయింది. బయటికి వచ్చిన తరువాత నా చేతులతో నేనే బిరడా తీసివేశాను. ఆ నీటిలో మరొకరు దిగరాదు. వారికి నేను చెప్పలేదు, వారు అడగలేదు.

మరునాడు మగ్గం ఆడలేదు. నిషిజిన్‌లో మగ్గం చప్పుడు లేని పగలు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చెప్పలేను. అన్నయ్య అక్కడ చేయవలసినవన్నీ చేస్తున్నాడని తెలిసినా, ఇక్కడ నేను ఏమీ చేయకుండా అన్నం తింటున్నానే అన్న బాధ నన్ను విడిచిపెట్టలేదు. రెండవ కొడుకునైనా కొడుకునే గదా. వెళ్ళి వస్తానని చెప్పి వచ్చినవాణ్ణి. వెళ్ళేసరికి వినవలసినవారు ఉండరు. నాలుగైదు నెలలు చదువు సాగుతున్నట్లు నటించానే గాని సాగలేదు. ఆ సంగతి మా ఆచార్యులకు తెలియదు, మామ్మకు తెలుసును. ఆమె ఏమీ అనకుండా, తెల్లవారి వండిన తొలి అన్నం చిన్న ఇత్తడి గిన్నెలో తమ పెద్దల మందిరం ముందు పెట్టేటప్పుడు రెండవ గిన్నె ఒకటి పెట్టటం మొదలుపెట్టింది. ఎవరికని అడగటానికి నాకు నోరు రాలేదు.

ఆగస్టు నెల వచ్చింది. ఆ నెల నడుమ జపానువారికి బోన్ పండుగ. పోయిన పెద్దలు ఆ కొద్ది రోజులూ తమ ఇండ్లకు వస్తారని నమ్మకం. మన మహాలయ పక్షాలు తలపుకు వస్తవి. మనిషి పోయిన తరువాత వచ్చే మొదటి బోన్‌కు విశేషం ఎక్కువ. పదిహేనవ తేదీన మామ్మ నన్ను పిలిచి, ‘మీ నాన్నకు ఇది మొదటి బోన్. కొడుకు ఎక్కడున్నాడో వెదుక్కుంటూ ఇక్కడికే వస్తాడు. పద’ అన్నది. నగరానికి తూర్పు అంచున వెండి మండపమని పేరుగల గింకకుజి అనే ఆలయం ఉన్నది. దాని ముందర బల్లలు వేసి, చెక్కలు పేర్చి ఉంచారు. కావలసినవారు ఒక చెక్క కొని, దాని మీద పోయినవారి పేరో, స్వస్థత కోరేవారి పేరో కుంచెతో వ్రాసి ఇస్తారు. మరునాటి రాత్రి పైన కొండ మీద మంటలో ఆ చెక్కలు కాలుతవి. నేను ఏడాదిగా వంతెన మీదనుండి చూస్తున్న కొండ అదే. ఆ అక్షరం మంట కోసం కట్టిన అక్షరం.

కుంచె తీసికొన్నాను. జపాను లిపిలో మా నాన్నగారి పేరు ఎట్లా వ్రాయాలో అని తడబడుతున్నాను. మామ్మ విసుక్కొన్నది. ‘ఆయన చదువుకోగలిగినట్లు వ్రాయి’ అన్నది. తెలుగులో వ్రాశాను. ఇంటిపేరుతో సహా, గుండ్రంగా, ఆయన పలక మీద దిద్దించిన తీరులోనే వ్రాశాను. బల్ల దగ్గరున్న మనిషి ఆ అక్షరాలను ఒక్క క్షణం చూచి, రెండు చేతులతో అందుకొని, మిగతా చెక్కల మీద పెట్టాడు.

పదహారవ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు మేమందరం కామో వంతెన దగ్గర ఏటి ఒడ్డున జనంలో నిలబడి ఉన్నాము. దుకాణాల దీపాలు ఆర్పివేశారు. కొండ మీద 75 పొయ్యిలు ఒక్కమారుగా అంటుకొన్నవి. చీకటిలో అక్షరం ఎర్రగా నిలిచింది. తరువాత నగరం చుట్టూ మరి నాలుగు కొండల మీద వేరువేరు ఆకారాలలో మంటలు వెలుగుతవట. నేను వాటికోసం చూడలేదు. ఇంటికి వచ్చిన పెద్దలను తిరిగి సాగనంపే దీపాలు అవి. అరగంటలో మంట సన్నగిల్లింది. మామ్మ చేతులు జోడించి, ‘వచ్చే ఏడు మళ్ళీ రండి’ అన్నది. నేనూ చేతులు జోడించాను. వెళ్ళి రమ్మని తెలుగులోనే అన్నాను.

ఆ మంట చల్లారిన మరునాటి ఉదయం కొందరు కొండ ఎక్కి బొగ్గు ముక్కలు ఏరి తెచ్చుకొంటారు. వాటిని కాగితంలో చుట్టి గుమ్మానికి కడితే ఇంటికి రక్ష అంటారు. యజమాని తెల్లవారకముందే వెళ్ళి రెండు తెచ్చాడు. ఒకటి తమ గుమ్మానికి కట్టి, రెండవది నాకు ఇచ్చాడు. ఆ శరత్కాలంలో నా చదువు మళ్ళీ దారిలో పడింది.

1989లో నేను తిరిగి వచ్చేనాడు మామ్మ గడప దగ్గరే ఆగిపోయింది; స్టేషనుకు రానన్నది. నేను ‘ఇత్తె కిమాసు’ అన్నాను. ఆమె ఎప్పటివలెనే ‘ఒహాయో ఒకాయెరి’ అన్నది. పెందలాడే ఇంటికి రమ్మని.

బొగ్గు ముక్క నాతో వచ్చింది. మా ఊళ్ళో అమ్మ ఆ పొట్లం విప్పి చూచి ఇదేమిటని అడిగింది. చెప్పాను. ఆమె దానిని గుమ్మానికి కట్టలేదు. మళ్ళీ అదే కాగితంలో చుట్టి, దేవుడి గూటిలో నాన్నగారి పటం వెనుక పెట్టింది.